చివరి బెంచీ దాకా

మేట్రనమ్మ ఆ ఆదివారం ఉదయం మందిరంలో అడుగుపెట్టి, అలవాటు కొద్దీ ముందుకు సాగబోతున్న కాళ్లను బలవంతాన ఆపి, తలుపును ఆనుకొని ఉన్న చివరి బెంచీ మీద కూర్చున్నది. సింహాసనాన్ని స్వహస్తాలతో త్యజించినవారు నేల మీద ఎలా కూర్చుంటారో అలా కూర్చున్నది: నడుము నిటారుగా, చేతులు ఒడిలో, చూపు సూటిగా. ఎవరైనా గమనించారా అని పక్కకు తిరిగి చూడలేదు. చూడవలసిన అవసరం లేదని ఆమె నమ్మకం. ముందు వరసలో కిటికీ పక్క చోటు ఖాళీగా కనిపిస్తే సంఘమంతా దానంతటదే తల తిప్పి వెతుకుతుంది.

ఆమె ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సులందరికీ పైఅధికారిగా పనిచేసి విరమించిన మనిషి. ఆమె బూట్ల చప్పుడు వరండాలో వినపడగానే మంచాల మీది దుప్పట్లు వాటంతట అవే మడతలు సర్దుకునేవని అప్పటి నర్సులు చెప్పుకునేవారు. చాటున తనను ‘వార్డు గంట’ అని పిలిచేవారన్న సంగతి ఆమెకు తెలుసు. తెలిసినందుకు లోలోపల కొంత ముచ్చట కూడా. ఉద్యోగం ముగిశాక ఆ అధికారమంతా వచ్చి ఒకే ఒక్క పనిలో కుదురుకున్నది. అది ఆదివారపు ఆరాధనలో వాక్యం చదవడం. తల కొద్దిగా వంచి, గొంతు తగ్గించి, గంభీరంగా, ఎంతటి కొరుకుడు పడని పేరు వచ్చినా తడబడకుండా ఆమె చదువుతుంటే, ముందు వరసలోని పెద్దలు కళ్లు మూసుకొని తలలూపేవారు. ఆ తలలూపులే ఆమెకు వారమంతా నెమరువేసుకోవడానికి సరిపోయేవి.

కొత్తగా వచ్చిన పాస్టరుగారు వయసులో చిన్నవాడు. ఒక సాయంకాలం ఇంటికి వచ్చి, టీ కప్పు చేతిలో పట్టుకొని, చల్లారిన దాన్ని మళ్లీ ఊదుకుంటూ అసలు విషయం బయటపెట్టాడు.

“అమ్మా, ఇకనుంచి వాక్యపఠనం వంతులవారీగా పెడదామనుకుంటున్నామండి. చదవగలిగినవాళ్లందరికీ అవకాశం వస్తుంది కదా అని...”

“దేవుని చిత్తం” అన్నది మేట్రనమ్మ.

పూర్వం పెద్ద డాక్టర్లు తప్పుడు ఆజ్ఞలు జారీ చేసినప్పుడు “మీ ఇష్టం సార్” అనే గొంతు ఒకటి ఆమెకు ఉండేది. దేవుని చిత్తం కూడా ఆ గొంతుతోనే పలికింది. పాస్టరుగారు మిగిలిన టీ గుటుక్కున మింగి బయటపడ్డాడు.

తాను గర్విష్ఠినన్న సంగతి మేట్రనమ్మకు తెలియనిది కాదు. ప్రతి ఉదయం, మోకాళ్లు మొరాయించినా సరే, మంచం పక్కన మోకరించి “ప్రభువా, నన్ను తగ్గించు” అని వేడుకునేది. ఆ ప్రార్థనలో బూటకం లేదు. చిక్కల్లా ఏమిటంటే, ఎంత తగ్గించాలో, ఎవరి ఎదుట తగ్గించాలో, ఎప్పటికి ఆపివేయాలో కూడా మందు మోతాదు రాసి ఇచ్చినట్లు ఆమే ప్రభువుకు సూచించేది.

పాస్టరుగారు వచ్చి వెళ్లిన మర్నాడు ఆ ప్రార్థనలోనే ఆమెకు ఉపాయం తట్టింది. విందుకు వెళ్లినవాడు అగ్రస్థానంలో కాక కడపటి చోట కూర్చోవాలనీ, అప్పుడు పిలిచినవాడే స్వయంగా వచ్చి పైకి తీసుకుపోతాడనీ ప్రభువు చెప్పిన ఉపమానం ఆమెకు చిన్నప్పటినుంచీ కంఠతా వచ్చు. అందులో మొదటి సగం పాటించడానికి ఆమె సిద్ధపడింది. మనసు మాత్రం రెండో సగం మీదనే ఉన్నది. మందిర వార్షికోత్సవం దగ్గరపడుతున్నది. ఆ రోజు చుట్టుపక్కల సంఘాలన్నిటినుంచీ అతిథులు వస్తారు, మందిరం కిక్కిరిసిపోతుంది. ఆనాటి పఠనం ఏళ్ల తరబడి ఆమెదే. ఈసారి ఎవరిదో ఇంకా తేలలేదు. అది ఆమెకు కావాలి. అడిగి పుచ్చుకోకూడదు, పిలిచి ఇవ్వాలి.

* * *

చివరి బెంచీకి తనదైన వాతావరణం ఒకటి ఉన్నది. పైఅంతస్తు బెంచీలుండే మేడవరస అడుగుభాగం తల మీద బోర్లించినట్లు ఉంటుంది. పంకా తిరిగినంతసేపూ కిర్రుమంటుంది. ఎదురుగా ఒక స్తంభం. పాస్టరుగారు అటూ ఇటూ కదిలితే తప్ప ఆయన అర్ధభాగమే కనపడుతుంది. అక్కడ కూర్చునే మనుషులు కూడా ఖరారైనవాళ్లే. ఒకడు రాత్రంతా బస్సు నడిపి, దాన్ని డిపోలో అప్పగించి, నేరుగా మందిరానికి వచ్చే డ్రైవరు. పాట అయ్యేదాకా మేలుకొని ఉండి, తరువాత గడ్డం ఛాతీకి ఆన్చేవాడు. మరొకడు ఇనుప షెడ్లలో మోతలు వినీ వినీ చెవులు పోగొట్టుకొన్న ముసలి వెల్డరు. ఒళ్లో గ్రంథం తెరిచి పెట్టుకొంటాడు గాని, అక్కడ చదువుతున్నది ఏ పుటో తెలియక అవీ ఇవీ తిప్పుతుంటాడు. ఇక మూడవది మేట్రనమ్మ సొంత చెల్లెలు. భర్త పోయిన తరువాత అక్క ఇంటికే వచ్చి చేరిన ఆవిడ ఏనాడూ ఆరాధనకు వేళకు వచ్చిన పాపాన పోలేదు.

ఆ రోజు కూడా మొదటి పాట సగంలో వచ్చి, తన చోట అక్క కూర్చొని ఉండటం చూసి చెల్లెలు గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఏమక్కా, ఒంట్లో బాగాలేదా?” అని గుసగుసగా అడిగింది.

“నిక్షేపంలా ఉన్నాను. కూర్చో.”

“మరి ఇక్కడెందుకు కూర్చున్నావు?”

“ఎక్కడ కూర్చుంటే ఏమిటి? అంతా దేవుని మందిరమే.”

చెల్లెలు అక్క ముఖాన్ని కాసేపు పరిశీలించి, పెదవి కొరుక్కొని, పక్కన సర్దుకొని కూర్చున్నది. మేట్రనమ్మ డ్రైవరును మోచేత్తో ఒకసారి పొడిచి లేపింది. అతడు “ఎవరు దిగాలి?” అని ఉలిక్కిపడి లేచాడు. వెల్డరు చేతిలోని గ్రంథం తలకిందులుగా ఉంటే తీసి సరిచేసింది. ఆరాధన అంతసేపూ ముందు వరసలోని తలలను కనిపెడుతూనే ఉన్నది. ఒక్క తలా వెనక్కి తిరగలేదు.

ముగిసిన తరువాత పాస్టరుగారు గుమ్మం దగ్గర నిలబడి అందరితో చేతులు కలుపుతున్నాడు. మేట్రనమ్మ వంతు రాగానే ఆయన ముఖం వికసించింది. ఆమె చేయి ముందుకు చాచింది.

“వందనాలమ్మా! ఈవేళ ఇక్కడ కూర్చున్నారా? మంచి పని చేశారు. తలుపు దగ్గరైతే గాలి బాగా వస్తుంది!”

* * *

ఇంటికి వచ్చాక చెల్లెలు వంటింట్లో టీ కాస్తున్నంతసేపూ నవ్వు ఆపుకోలేకపోయింది.

“అలకపాన్పు గురించి విన్నానుగానీ, అలకబెంచీని చూడటం ఇదే మొదటిసారి” అన్నది కప్పు అందిస్తూ.

“అలకా! నేనా! నన్ను నేను తగ్గించుకుందామని వెళ్లాను.”

“తగ్గించుకోవడానికి వెళ్లినదానివి తల అంత ఎత్తున ఎందుకు పెట్టావే? నీ వెనక గోడ తప్ప ఎవరూ లేరు కాబట్టి సరిపోయిందిగానీ, ఉంటే వాళ్లకి పాస్టరుగారి సగం కూడా కనపడేది కాదు.”

“నీకు అన్నీ వేళాకోళమే.”

“లేదక్కా, నిజంగా అడుగుతున్నా. ఎవరూ పిలవకపోతే ఏం చేస్తావు?”

మేట్రనమ్మ కప్పు కింద పెట్టింది. పిలవకపోవడమన్నది ఆ ఉపమానంలో లేదు.

తరువాతి ఆదివారాలూ అలాగే గడిచాయి. ఒకనాడు మాత్రం రెండవ పాట మధ్యలో ముందు వరసనుంచి కోశాధికారిగారి భార్య లేచి, నడవా వెంట తిన్నగా వెనక్కి రాసాగింది. చూపు మేట్రనమ్మ మీదనే. వచ్చింది పిలుపు! మేట్రనమ్మ పైట సవరించుకొన్నది. వెంటనే లేవకూడదు, ఒకసారి వద్దనాలి, రెండవసారి కూడా వద్దనాలి, ఆ తరువాత కాదనలేనట్లు లేవాలి. తగినంత వినయాన్ని ముఖానికి తెచ్చుకొని కనురెప్పలు దించింది.

“అమ్మా, ఇదిగోండి మీ దిండు” అన్నది కోశాధికారిగారి భార్య, ఏళ్లుగా ముందు బెంచీ మీద ఉన్న మేట్రనమ్మ ఎర్రదిండును ఒళ్లో పెడుతూ. “ఈ వెనక బెంచీలు గట్టిగా ఉంటాయి కదండీ. మీ చోట మా అత్తగారు కూర్చుంటున్నారు. ఆవిడకి దిండు అలవాటు లేదు.”

చెల్లెలికి పొలమారింది. ఆ దగ్గు పాట అయ్యేదాకా తగ్గలేదు.

* * *

ఆ వారం వాక్యం చదివిన పిల్ల దర్జీ పనిచేస్తుంది. సంఘంలో సగంమంది దుస్తులు ఆ పిల్ల కుట్టినవే. చదువు అంతంతమాత్రం. పాతకాలపు రాజుల పేర్లు ఎదురైనప్పుడల్లా చిక్కుపడిన దారాన్ని విప్పుతున్నట్లు ఒక్కొక్క అక్షరాన్నే లాగింది. ఒక పట్టణం పేరునైతే నిలువునా చీల్చి రెండు పట్టణాలు చేసింది. గొంతు మాత్రం కంచుగొంతు. మిషన్ల చప్పుడులో మాట్లాడీ మాట్లాడీ అలా తయారైంది.

మేట్రనమ్మ కళ్లు మూసుకొని బాధను భరించింది. ఆమీన్ అయిన తరువాత పక్కకు చూస్తే డ్రైవరు గడ్డం పైకెత్తుకొని పూర్తి మెలకువతో కూర్చొని ఉన్నాడు.

“ఏమయ్యా, ఈవేళ నిద్రపోలేదే?” అన్నది బయటికి వస్తూ.

“ఎక్కడమ్మా! ఈ అమ్మాయి చదువుతుంటే మాటమాటా వచ్చి చెవిలో పడుతోంది. నిద్ర పడితేగా! ఆ రాజుగారు కొడుకు కోసం అలా ఏడుస్తుంటే నాకు ఇంట్లో మావాడు గుర్తొచ్చాడు. అసలు ఇంత కథ ఉంటుందనే నాకు తెలియదు.”

“తెలియకపోవడమేమిటి? పోయిన ఏడాది ఇదే భాగం నేను చదివాను.”

“మీరు చదివారా?” డ్రైవరు తల గోక్కున్నాడు. “మీరు చదివేటప్పుడు మాకిక్కడికి ఏమీ వినపడేది కాదమ్మా. మీ పెదవులు కదలడం కనిపించేది. ముందు బెంచీవాళ్లు ఆమీన్ అంటే మేమూ అనేవాళ్లం. మీ దయవల్ల ఆ కాసేపూ హాయిగా ఒక కునుకు...” అని, ఆమె ముఖం చూసి, తాను ఎక్కవలసిన బస్సు ఏదో వెళ్లిపోతున్నట్లు గబగబా మెట్లు దిగాడు.

ఇద్దరూ ఇంటికి బయలుదేరారు. వీధి మలుపులో కాయగూరల బండి అడ్డం వచ్చినా, బండివాడిని మేట్రనమ్మ ఏమీ అనలేదు. అప్పుడు చెల్లెలికి భయం వేసింది.

ఇంట్లోకి వచ్చాక కుర్చీలో కూలబడి, “నిజమేనా?” అని అడిగింది మేట్రనమ్మ.

“ఏది?”

“నేను చదివేది వెనకవాళ్లకి వినపడేది కాదా?”

చెల్లెలు ఈసారి నవ్వలేదు. “వినపడేది కాదక్కా.”

“ఇన్నేళ్లూ నువ్వెందుకు చెప్పలేదు?”

“చెప్పాను. ఒకసారి చెప్పాను. నాకు వాక్యం మీద శ్రద్ధ లేదనీ, శ్రద్ధ ఉన్నవాళ్లకి ఎంత మెల్లగా చదివినా వినపడుతుందనీ అన్నావు. ఆ తరువాత మళ్లీ ఎందుకు చెప్తాను?”

అలా అన్నది తానేనని మేట్రనమ్మకు వెంటనే గుర్తుకు వచ్చింది. మాట ఒక్కటే కాదు, అన్నప్పటి తన చూపుడువేలు కూడా గుర్తుకు వచ్చింది. తల కొట్టేసినట్లయింది. తాను ఇన్నేళ్లూ ఎవరికి చదివింది? కళ్లు మూసుకొని తలలూపిన ఆ ఒక్క వరసకు. కాదు, ఇంకా నిజం చెప్పాలంటే, ఆ తలలకు కూడా కాదు, తలలూపుకు. రోగి మంచానికి అందని మందు సీసాను బీరువాలో తళతళలాడేలా తుడిచి పెట్టే నర్సు ఎవరైనా తన కింద ఉండి ఉంటే, సాయంత్రానికల్లా సంజాయిషీ అడిగి ఉండేది.

మర్నాడు మంచం పక్కన మోకరించింది గాని మాట రాలేదు. ఎంత తగ్గించాలో చెప్పడానికి ఆమె దగ్గర లెక్కేమీ మిగల్లేదు. చివరికి, “ప్రభువా, నాకు తెలియలేదు” అన్నది. అంతే. ఆ ఉదయానికి అదే ప్రార్థన.

ఆ పై ఆదివారం చివరి బెంచీ మీద వచ్చి కూర్చున్నప్పుడు ఆమె ముందు వరసను కనిపెట్టి చూడలేదు. పక్కన వెల్డరు పుటలు అటూ ఇటూ తిప్పుతుంటే, తన గ్రంథాన్ని ఇద్దరి మధ్యా పెట్టి, చదువుతున్న పంక్తి కింద వేలు ఆనించి నడిపించసాగింది. ముసలాయన మొదట బిత్తరపోయాడు. తరువాత ఆ వేలిని వదలలేదు. ఒకచోట ఆమె తొందరపడితే ఆమె మణికట్టును మెల్లగా తట్టి, “ఆగండమ్మా, నేనింకా రాలేదు” అన్నాడు. వినపడనివారి గొంతు కదా, అది మందిరమంతా వినిపించింది. మేట్రనమ్మను ఆగమన్నవాళ్లు ఆమె జీవితంలో బహు తక్కువ. ఆమె ఆగింది.

ప్రసంగం మొదలయ్యేసరికి డ్రైవరు గురక కూడా మొదలైంది. ఆమె మోచేయి లేవబోయి ఆగిపోయింది. ఎర్రదిండు తీసి, అతని తలను మృదువుగా పక్కకు వాల్చి, గోడకూ చెంపకూ మధ్య దాన్ని ఇమిడించింది. తల అలా వాలిస్తే గురక ఆగుతుందని వార్డులో అందరికీ తెలిసిన సంగతే. గురక ఆగింది. చెల్లెలు అక్కవైపు వింతగా చూసింది.

“ఏమిటలా చూస్తావు? రాత్రంతా బస్సు నడిపినవాడు” అన్నది మేట్రనమ్మ చిరాకుగా.

* * *

దర్జీ పిల్ల ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ఇంటికి వచ్చింది. మెడలో కొలతల టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“అమ్మా, వార్షికోత్సవం రోజున నన్ను చదవమన్నారండి పాస్టరుగారు.”

మేట్రనమ్మ గుండెలో రాయి పడింది. పడిన చప్పుడు ఈ పిల్లకు వినపడిందేమోనని కూడా అనిపించింది. తేలిపోయిందన్నమాట. ఇక ఎవరూ నడవా వెంట రారు.

“మంచిది” అన్నది, గొంతు సర్దుకొని. “అయితే?”

“నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదండి. అంతమంది పెద్దలొస్తారు. నా మోటు గొంతుతో సంఘం పరువు తీస్తానేమో! అందుకని వచ్చానండి.” ఆ పిల్ల దాచుకొన్నది బయటపెట్టినట్లు అన్నది: “మీలా చదవడం నేర్పండమ్మా. చిన్నప్పట్నుంచీ మిమ్మల్ని చూస్తున్నాను. అచ్చం మీలాగే చదవాలని ఇంట్లో సాధన కూడా చేస్తున్నాను. చూడండి.”

అని, తల కొద్దిగా వంచి, గొంతు తగ్గించి, గంభీరంగా రెండు వాక్యాలు చదివింది. కంచుగొంతు ఎక్కడికో పోయింది. ఎదురుగా కూర్చున్న మేట్రనమ్మకే సగం మాటలు అందలేదు. ఆ వంపు, ఆ గాంభీర్యం, ఆ అరమోడ్పు కన్నులు! అద్దంలో చూసుకొన్నట్లు ఉన్నది. తన తరువాత కూడా తన తీరు నిలుస్తుందన్న ఊహ నాలుక మీద పంచదారలా కరిగింది. ఒక్కమాట అంటే చాలు. “ఇంకొంచెం తగ్గించు” అంటే చాలు. వార్షికోత్సవం నాడు ఆ బల్ల దగ్గర నిలబడేది ఈ పిల్లే అయినా, చదివేది మేట్రనమ్మే అవుతుంది. వంటింటి గుమ్మంలో చెల్లెలు చేతిలో గరిటెతో నిలబడి వింటున్నది.

మేట్రనమ్మ కుర్చీని ఆ పిల్ల దగ్గరికి లాక్కొన్నది.

“నాలా చదవకమ్మా” అన్నది చివరికి.

“ఎందుకండి? నాకు రాదంటారా?”

“వస్తుంది. వచ్చింది కూడా. అదే వద్దంటున్నాను. అలా చదివితే వెనకవాళ్లకి వినపడదు.”

“మీరు చదివితే అందరూ...”

“నేను చదివితేనే వినపడేది కాదు.” మేట్రనమ్మ చూపుడువేలు ఈసారి తనవైపే తిరిగింది. “నాకూ ఈమధ్యనే తెలిసింది. చివరి బెంచీ మీద కూర్చున్నాక తెలిసింది.”

గుమ్మంలో గరిటె ఖణేలుమని నేల మీద పడింది. చెల్లెలు దాన్ని తీయకుండా అలాగే నిలబడిపోయింది.

“నీ గొంతు నీకే ఉండనీ. పేర్ల సంగతి నేను చూస్తాను” అని మేట్రనమ్మ లేచి కళ్లద్దాలు తెచ్చుకొన్నది. “శనివారం మధ్యాహ్నం మందిరానికి రా. నువ్వు బల్ల దగ్గర నిలబడు. నేను వెనక కూర్చుంటాను. నాకు వినపడకపోతే చెయ్యి పైకెత్తుతాను. వినపడేదాకా దించను.”

“మీ చెయ్యి నొప్పెడుతుందేమోనండి.”

“నొప్పెట్టకుండా చదువు!”

శనివారం ఖాళీ మందిరంలో ఆమె చెయ్యి చాలాసార్లు లేచింది, చాలాసేపు నిలిచింది. చెల్లెలు పక్కన కూర్చొని, “ఆ చెయ్యి నాకివ్వు, కాసేపు నేను ఎత్తుతాను” అని ఆటపట్టించింది. సాయంత్రమయ్యేసరికి, ఈ భాగంలోనూ ఎదురైన ఆ పట్టణం పేరు ఒకే పట్టణంగా నిలిచింది.

* * *

వార్షికోత్సవం నాడు మందిరంలో ఇసుక వేస్తే రాలనంతమంది జనం. చివరి బెంచీ వెనక కూడా మనుషులు నిలబడ్డారు. ముందు వరసలో అతిథులు, తెల్లని బట్టల్లో సంఘ పెద్దలు. దర్జీ పిల్ల బల్ల పక్కన ఒక చిన్న కుర్చీలో ఒదిగి కూర్చొని ఉన్నది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

పాట జరుగుతుండగా పాస్టరుగారు వేదిక దిగి, జనాన్ని తప్పించుకొంటూ నడవా వెంట వెనక్కి రావడం మేట్రనమ్మ చూసింది. ఈసారి ఆమె పైట సవరించుకోలేదు. నీళ్లకో, కుర్చీలకో అయి ఉంటుందనుకొన్నది. ఆయన వచ్చి ఆమె దగ్గర వంగాడు. నుదుట చెమట పట్టి ఉన్నది.

“అమ్మా, మీరు ముందుకు రావాలి. ఆ అమ్మాయి చాలా భయపడుతోంది. పెద్దలు కూడా, ఇంతమంది అతిథుల ముందు మీరు చదివితేనే బాగుంటుందంటున్నారు. నేనే తప్పు చేశానేమో. రండమ్మా, దయచేసి.”

ఎన్ని ఆదివారాలు ఎదురుచూసిన పిలుపు! అచ్చంగా ఉపమానంలో ఉన్నట్లే వచ్చింది. అడగకుండా, అందరూ చూస్తుండగా. మేట్రనమ్మ తనకు తెలియకుండానే లేచి నిలబడింది. ముందు వరసలోని తలలన్నీ ఇప్పుడు వెనక్కి తిరిగాయి. ఒక్క అడుగు. అడ్డు చెప్పేవాళ్లెవరూ లేరు. పైగా అది పిల్లకు సాయం చేయడం కూడా అవుతుంది.

బల్ల దగ్గర దర్జీ పిల్ల లేచి ఆమెవైపే చూస్తున్నది. ఆ కళ్లలో గండం గడిచిందన్న ఊరట ఉన్నది. దాని వెనక, ఎంత దాచినా దాగనిది ఇంకొకటి కూడా ఉన్నది. తాను కుట్టిన బట్టను ఎవరో చేతిలోంచి తీసేసుకొంటుంటే చూస్తున్నట్లు. కొన్నాళ్ల కిందట, ఒక సాయంకాలం, పాస్టరుగారు టీ కప్పు పట్టుకొని ఎదురుగా కూర్చున్నప్పుడు, మేట్రనమ్మకు కూడా అలాగే ఉండింది.

“నేనిక్కడ ఉండాలండి” అన్నది మేట్రనమ్మ.

“అమ్మా, వెనకాల ఎందుకు మీరు...”

“ఇక్కడికి వినపడుతోందో లేదో ఆ పిల్లకి చెప్పేవాళ్లు కావాలి కదండీ. ఆ పని నాది.” తరువాత గొంతు మెత్తబడింది. “భయపడనివ్వండి. భయపడుతూనే చదువుతుంది. మీరు వెళ్లండి బాబూ, పాట అయిపోవస్తోంది.”

పాస్టరుగారు నుదుటి చెమట తుడుచుకొని తిరిగి వెళ్లాడు. మేట్రనమ్మ కూర్చోలేదు. ఆ పిల్లకు కనపడేలా నిలబడి, కుడిచేతిని పైకెత్తింది.

మొదటి వాక్యం ముందు వరస దాటలేదు. చెయ్యి దిగలేదు. రెండవ వాక్యం సగం దాకా వచ్చి పంకా కిర్రులో కలిసిపోయింది. చెయ్యి దిగలేదు. ఆ పిల్ల ఒకసారి ఊపిరి పీల్చుకొని, తల ఎత్తి, జనం తలల మీదుగా ఆ చేతినే చూస్తూ తన సొంత గొంతుతో అందుకొన్నది. కంచు మోగింది. మాట మేడవరస కింద దూరి, స్తంభాన్ని చుట్టుకొని, నిలబడ్డవాళ్ల దాకా వచ్చి తగిలింది. మేట్రనమ్మ చెయ్యి దించి కూర్చొని, వెల్డరు ఒళ్లో ఉన్న గ్రంథం మీద వేలు పెట్టింది. ముసలాయన ఆ వేలి వెంట పెదవులు కదుపుతూ నడిచాడు. డ్రైవరు దిండును ఒళ్లో పెట్టుకొని నోరు తెరుచుకొని వింటున్నాడు. ఒకచోట ఒక పేరు తడబడింది. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆమీన్ అన్నప్పుడు చివరి బెంచీ ముందు బెంచీని చూడవలసిన పని లేకపోయింది. రెండూ ఒకేసారి అన్నాయి.

అప్పుడే, ఆ ఆమీన్ ఇంకా గాలిలో ఉండగానే, మేట్రనమ్మ లోపల ఒక సన్నని గొంతు లేచింది: చూశావా, పిలిచినా వెళ్లలేదు! ఎంతమంది చూసి ఉంటారో! ఆ కోశాధికారిగారి తల్లి తప్పకుండా చూసే ఉంటుంది. ఆమె ఉలిక్కిపడింది. తరువాత, ఎంత ఆపుకొందామన్నా ఆగకుండా, భుజాలు కదిలేలా నవ్వు వచ్చింది.

“ఏమయిందక్కా?” చెల్లెలు కంగారుగా ఆమె చెయ్యి పట్టుకొన్నది. “ఎందుకు నవ్వుతున్నావు?”

“పోయిందనుకున్నానే. ఇంకా నిక్షేపంలా ఉంది.”

“ఏది?”

“నా గర్వం. ముందు వరసలోంచి లేచి వచ్చి, నా పక్కనే సర్దుకొని కూర్చుంది.”

చెల్లెలు అక్క ముఖంలోకి చూసి, తానూ నవ్వి, బెంచీ మీద ఇంకాస్త ఇటు జరిగింది. “కూర్చోనీలే. ఇక్కడైతే దాన్ని పట్టించుకునేవాళ్లెవరూ లేరు.”

“అది సరే. ఇందాక నేను వెళ్లకపోవడం నువ్వు చూశావా?”

“చూశాను.”

“అయితే చాలు” అని, మేట్రనమ్మ వెల్డరు కోసం పాట ఉన్న పుట వెతకసాగింది. ముసలాయన ఆమె మణికట్టును మెల్లగా తట్టాడు. తొందరలో ఆమె పుట దాటిపోయింది. వెనక్కి తిప్పింది.